మాట ముందు, నోరు వెనుక

రామాయంపేట, జూన్ 3

మెదక్ చర్చి రోడ్డులో పాత క్యాసెట్లు బాగుచేసే జయానందం గారికి,

రామాయంపేట నుంచి గాలయ్య నమస్కారం పెట్టి, వెంటనే ఒక ఫిర్యాదు కూడా చేస్తున్నాడు.

పోయిన నెల మీ షాపుకు వచ్చి నాటకం క్యాసెట్ ఇచ్చిపోయింది నేనే. నల్ల వీహెచ్ఎస్ క్యాసెట్, మీద ‘కరువు రాజు, 1996’ అని కాగితం అంటించి ఉంటుంది. బూజు పట్టిందని మీరు మొహం చిట్లించారు, గుర్తుండే ఉంటుంది. దాన్ని డీవీడీ చేసి మీరు కండక్టర్ రంజిత్ చేతికిచ్చి పంపారు. అందింది. బొమ్మ బాగా వచ్చింది. రాజు వేషంలో నేనింత బాగుండేవాణ్ణని నాకే గుర్తులేదు.

బాధంతా ఒక్కటే. మాట ముందు వస్తోంది, నోరు వెనుక కదులుతోంది. ‘మంత్రీ’ అనడం అయిపోయిన తర్వాత టీవీలో నా నోరు తెరుచుకుంటోంది. పదహారేళ్లు బస్టాండులో కంట్రోలర్‌గా చేసినవాణ్ణి. ఏ బస్సు ఎంత ముందొచ్చింది, ఎంత ఆలస్యమైంది అన్నది నా కంటికి ఆనుతుంది.

ఇది నా సరదా కోసం చేయించుకుంటున్న పని కాదండీ. నాలుగేళ్ల నుంచి మా ఇంట్లో మాటలు బందైనట్టే. నేనూ, మా ఆవిడ రాజమణీ ఇద్దరమే ఉంటాం. పోట్లాట ఏమీ లేదు. తినమంటే తింటాను, పడుకోమంటే పడుకుంటాను, అంతకంటే మాట లేదు. ఒకప్పుడు ఆమెకు నా గొంతంటే ఇష్టం. నేను మైకులో బస్సులు పిలుస్తుంటే కూరగాయల సంచీ పట్టుకుని బస్టాండులో ఊరికే నిలబడేది. ఆ గొంతు ఆమెకు ఒక్కసారి సరిగ్గా వినిపించాలని నా ఆశ. నోరొక చోట, మాటొక చోట ఉంటే అది నా గొంతని ఎట్లా అనిపిస్తుంది చెప్పండి.

జర చూసి సరిచేయగలరు.

మీ మీద నమ్మకం ఇంకా పోని,
గాలయ్య

తా.క.: ఫోన్ చేయకండి, ఉత్తరమే రాయండి. ఫోన్లో చెప్పిన మాటను రిజిస్టర్‌లో ఎక్కించలేం.


మెదక్, జూన్ 6

కరువు రాజు గాలయ్య గారికి,

జయానందం వందనాలు. ఈ షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది, నాకు ఉత్తరం రాసిన మొదటి కస్టమర్ మీరే. మా రజని దాన్ని ఫ్రేము కట్టిద్దామంటోంది. రజని అంటే నా భార్య, షాపులో సగం పని ఆమెదే.

ఇక మీ సంగతి. పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు బొమ్మలో అక్కడక్కడా ముక్కలు రాలిపోతాయి. శబ్దం మాత్రం రాలదు. అందుకని బొమ్మ ముందుకు పోతుంది, మాట వెనుకబడుతుంది. మీ క్యాసెట్‌లోనూ చివరికొచ్చేసరికి అర సెకను తేడా వచ్చింది. దాన్ని సరిచేశాకే మీకు పంపాను. మీరు చెప్పేదేమో ఉల్టాగా ఉంది, మాటే ముందు వస్తోందంటున్నారు.

దీన్ని మేము కనిపెట్టే పద్ధతి ఒకటుంది. ప, బ, మ అన్నప్పుడు ఎవరికైనా పెదవులు మూసుకోక తప్పదు. మీరు ‘మంత్రీ’ అన్నచోట బొమ్మను ఆపి, పెదవులు మూసుకున్నాయా లేదా అని చూస్తాం. మూడు చోట్ల చూశాను, మూడింటిలోనూ కుదిరింది. అయినా చూసే మనిషికి తేడా ఉందంటే ఉన్నట్టే. మాటను అర సెకను వెనక్కి జరిపాను. డీవీడీ మీద మళ్లీ రాయడం కుదరదు కాబట్టి ఈసారి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇకముందు ఉత్తరాలతో పాటు ఇదే రంజిత్ చేతిలో అటూ ఇటూ తిరుగుతుంది. డీవీడీని మీరే ఉంచుకోండి.

మీ నాటకానికి అభిమానిగా మారిన,
జయానందం

తా.క.: రాణి వేషం వేసినాయనకు పౌడరు కింద మీసం కనిపిస్తోంది. అది మాటనూ నోటినీ కలిపే సింక్ సమస్య కాదు, నేనేమీ చేయలేను.


రామాయంపేట, జూన్ 10

జయానందం తమ్మికి,

గాలయ్య నమస్కారం, ఈసారి కొంచెం చిన్నది.

అర సెకను జరిపానన్నావు. ఎక్కడ జరిపావో గానీ మా ఇంటిదాకా రాలేదు. అంతా ఎప్పటిలాగే ఉంది. నోటి లెక్క చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకని చేతి గడియారం పెట్టి కొలిచాను. ‘మంత్రీ’ దగ్గర రెండు సెకన్లు. ‘నా రాజ్యంలో చుక్క నీరు లేదా’ అన్నచోట రెండున్నర. ‘ప్రజలారా’ దగ్గర మళ్లీ రెండు. నాలుగు రోజులు కొలిచాను, లెక్క మారలేదు. కాగితం జతచేశాను.

రోజూ సాయంత్రం చాయ్ కాగానే పెడుతున్నాం. రాజమణి మంచం మీద కూర్చుంటుంది, పక్కన కుర్చీలో నేను. ఆమె ఏ రోజూ వద్దనలేదు. టీవీ అంటే గిట్టని మనిషి, గంటసేపు కదలకుండా చూస్తోంది. ఆమె ఓపిక చూస్తే నాకే పాపం అనిపిస్తోంది తమ్మీ. తొందరగా సరిచెయ్యి.

రెండు సెకన్లు ఆలస్యంగా నడుస్తున్న,
గాలయ్య

తా.క.: మీసం తీసెయ్యమని కృష్ణమోహన్‌కు అందరం చెప్పాం. వారంలో పెళ్లిచూపులున్నాయి, తీయనన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. మీసం మాత్రం క్యాసెట్‌లో ఉండిపోయింది.


మెదక్, జూన్ 13

గాలయ్య గారికి వందనాలు.

మీ లెక్కల కాగితం అందింది. గవర్నమెంటు ఆఫీసులో కూడా ఇంత శుభ్రమైన కాగితం చూడలేదు. దాని ప్రకారమే మాటను రెండు సెకన్లు వెనక్కి జరిపాను.

నిజం చెప్పాలి కదా. జరిపాక నేను చూశాను, రజని కూడా చూసింది. “గిదేంది, ఆయన నోరు మూసినంక మాట్లాడుతున్నడు” అన్నది. నాకూ అట్లాగే కనిపించింది. కానీ మీ ఇంట్లో ఎట్లా కనిపిస్తోందో నాకు తెలియదు కదా. కొత్త టీవీలు కొన్ని బొమ్మను లోపల నానబెట్టి ఆలస్యంగా వదులుతాయి. మాట మాత్రం ముందే బయటికొస్తుంది. మీ టీవీ అట్లాంటిదేమో. ఒకసారి వేరే టీవీలో పెట్టి చూడండి.

మీ మాట మీదే నడుస్తున్న,
జయానందం

తా.క.: వద్దన్నా రెండుసార్లు ఫోన్ చేశాను, క్షమించండి. మోగి మోగి ఆగిపోయింది.


రామాయంపేట, జూన్ 18

జయానందానికి,

నమస్కారం ఉంది, పైన వేరే రాయలేదు.

ఈ ఉత్తరం కోపంలో రాస్తున్నది కాదు. మొదట కోపమొచ్చింది, చాయ్ తాగాను, తగ్గింది, ఆ తర్వాతే పెన్ను పట్టుకున్నాను. కానీ అడగాల్సింది అడుగుతాను. నువ్వు అసలు ఏమైనా జరుపుతున్నావా? అర సెకను జరిపానన్నావు, రెండు సెకన్లు జరిపానన్నావు, ఇక్కడ మాత్రం వెంట్రుక వాసి మార్పు లేదు. మళ్లీ కొలిచాను, అదే రెండు సెకన్లు. మా బస్టాండులోనూ ఇట్లాంటివాళ్లు ఉండేవాళ్లు. బస్సు డిపోలోనే ఉంటుంది, రిజిస్టర్‌లో మాత్రం బయల్దేరిపోయి ఉంటుంది.

నువ్వు చెప్పావని పక్కింటి రత్నాకర్ వాళ్ల టీవీలో కూడా పెట్టించాను. రాజమణిని వెంట తీసుకుపోయాను. అక్కడా అదే రెండు సెకన్లు. కాబట్టి మా టీవీ తప్పేమీ లేదు.

నేను అడిగేది పెద్ద పనేమీ కాదు తమ్మీ. ఒక్క మనిషికి ఒక్కసారి నా గొంతు నా నోట్లోంచి వచ్చినట్టు వినిపించాలి. ఆమె విసుక్కుంటే నాకింత బాధ ఉండకపోను. ఒక్కరోజైనా విసుక్కోకుండా, చీర కొంగు సర్దుకుని, సినిమాకొచ్చినట్టు వచ్చి కూర్చుంటోంది.

చాయ్ తాగి చల్లబడిన,
గాలయ్య

తా.క.: నాటకం నడిచినంతసేపూ రత్నాకర్ కడుపు పట్టుకుని నవ్వాడు. కరువు నాటకంలో నవ్వేందుకు ఏముందో నాకు అర్థం కాలేదు.


మెదక్, జూన్ 21

గాలయ్య గారికి,

వందనాలు. నా మనసు నొచ్చుకుంది, అది కూడా ముందే రాసేస్తున్నాను.

ఇరవై రెండేళ్లలో చేయని పనిని చేశానని చెప్పిన మనిషిని కాను. జరిపాను. ఈసారి ఏకంగా ఐదు సెకన్లు జరిపాను, తేడా ఎవరికైనా తెలియాలని. రాణి నోరు తెరిస్తే మీ గర్జన వస్తోంది. మీరు కత్తి దూస్తే కృష్ణమోహన్ గారి సన్న గొంతు ‘స్వామీ, నన్ను విడిచి వెళ్లకండి’ అంటోంది. మీరు ప్రాణం వదిలి పడిపోయాక, తీరిగ్గా నీళ్లు అడుగుతున్నారు. రత్నాకర్ గారు రెండు సెకన్లకే నవ్వారంటే, దీనికి ఆయనను దవాఖానాకు తీసుకుపోవాల్సి వస్తుంది.

ఇది చూసి కూడా రెండు సెకన్లే అంటే, తప్పు నా కంప్యూటర్‌లో లేదు, మీ కొలతలో ఉంది. కోపగించుకోకండి, ఒక్కటి చెప్పండి. మీరు ఏ మాట విని గడియారం చూస్తున్నారు? ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఎక్కడ ఆపుతున్నారు? వివరంగా రాయండి. అది తెలియకుండా ఇక నేనేమీ చేయలేను.

పరేషాన్‌లో ఉన్న,
జయానందం

తా.క.: మొత్తం ఆరుసార్లు ఫోన్ చేశాను. మీ ఇంట్లో ఫోన్ మోగితే ఎవరికీ వినబడదా?


రామాయంపేట, జూన్ 25

జయానందం తమ్మికి,

వినబడదు. నాకు వినబడదు.

నాలుగేళ్లయింది. ముందు ఒక చెవి, ఆర్నెల్లకు రెండోది. హైదరాబాద్‌లో చూపించాం, ఇక రావన్నారు. చెవిలో పెట్టుకునే మిషనిచ్చారు. పెట్టుకుంటే లోకంలో ఉన్న ఈలలన్నీ నా ఒక్కడి చెవిలోనే వేస్తున్నట్టుండేది. తీసి పెట్టెలో పడేశాను. నీకు ముందే చెప్పాల్సింది. సిగ్గనిపించింది. ఊరందరికీ వినబడేట్టు మైకులో బస్సులు పిలిచినవాణ్ణి, నాకే వినబడదని ఎట్లా చెప్పుకోను?

రాజమణి ఏదైనా చెప్పాలంటే పలక మీద రాస్తుంది. ‘అన్నం’, ‘మందులు’, ‘కరెంటు బిల్లు’. పలక మీద అంతకంటే ఏం పడుతుంది? మొదట్లో ఆమె ఏదో అంటే “ఏమంటున్నవ్” అని నాలుగైదుసార్లు అడిగేవాణ్ణి. ఆమె అరిచి అరిచి అలిసిపోయేది. అది చూడలేక అడగడం మానేశాను. తర్వాత ఆమె మొహం వైపు చూడటం కూడా మానేశాను. చూస్తే అడగాలనిపిస్తుంది కదా.

ఇక కొలత సంగతి. నాటకం నాకు ఆ చివర నుంచి ఈ చివరి దాకా నోటికి వచ్చు. టీవీలో మాట వినగానే రాజమణి పెదవులు దాన్ని లోపల్లోపల తిరిగి అంటాయి. భక్తులు భజనలో అన్నట్టు. నేను ఆమె మూతినే చూస్తాను. ఆమె పెదవుల మీద ‘మంత్రీ’ వచ్చిన రెండు సెకన్లకు టీవీలో నా పెదవుల మీద ‘మంత్రీ’ వస్తుంది. ఆమె విన్నాకే అంటుంది కదా. అంటే మాట ముందొచ్చినట్టే, నోరు వెనుకబడ్డట్టే. ఇందులో లెక్క తప్పేది ఎక్కడుంది?

ఇదీ నా కొలత. నవ్వుకున్నా సరే, సరిచెయ్యడం మాత్రం మానకు.

నీకు దాచినందుకు తల దించుకున్న,
గాలయ్య

తా.క.: ప, బ, మ అని నువ్వు రాసింది మస్తు పనికొచ్చింది. ఆమె పెదవుల మీద ముందు దొరికినవి అవే. ఇప్పుడు వ, ఫ కూడా దొరుకుతున్నాయి.


మెదక్, జూన్ 27

పెద్దాయనకు,

మీ ఉత్తరం చదివి షట్టరు సగం దించి కూర్చున్నాను. రజని చదివి లోపలికి పోయింది. ఫోన్ గురించి రాసిన ఆ మాటకు నన్ను క్షమించండి. దాన్ని వెనక్కి జరపగలిగితే బాగుండేది.

మీ కొలతలో లెక్క తప్పు లేదు. అయినా అందులో ఏదో ఉంది, అదేంటో నాకు ఇక్కడ కూర్చుంటే తెలియడం లేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నేనే రామాయంపేట వస్తాను. మీ కుర్చీలో కూర్చుని, మీరెట్లా చూస్తారో అట్లాగే చూస్తాను. లాప్‌టాప్ తెస్తాను, అక్కడికక్కడే సరిచేసి, అమ్మకు మీ గొంతు వినిపించే తిరిగొస్తాను. ఇది నా మాట.

మీ ఇంటికొస్తున్న,
జయానందం

తా.క.: ఈ లోపల అమ్మను ఒక్కసారి అడిగి చూడండి. చెవులున్నది ఆమెకు కదా, ఇన్నాళ్లూ మనిద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.


రామాయంపేట, జూన్ 28

జయానందం తమ్మికి,

ఆశీర్వదించి రాజమణి రాస్తున్నది. ఆయన చాయ్‌పత్తి తేవడానికి బయటికి పోయాడు. నీ ఉత్తరాలన్నీ టీవీ మీదనే పెడతాడు, అన్నీ చదివాను. ఆదివారం రాకు. కారణం చెబుతాను.

నీ మొదటి డీవీడీ సరిగ్గానే ఉంది. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. ఆయన బస్టాండుకు పోయిన రోజున దాన్ని పెట్టుకుని వింటాను. ఆయన నీతో ఏ పని కావాలన్నాడో ఆ పని నువ్వు మొదటి రోజే చేసిపెట్టావు. ఆయన గొంతు నాకు వినబడింది. వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చాను.

నువ్వు తర్వాత పంపినవన్నీ ఒకదానికంటే ఒకటి అన్యాయంగా ఉన్నాయి. నువ్వు మాత్రం ఏం చేస్తావులే.

ఆయన అనుకున్నట్టు నేను ఆ మాటలను తిరిగి అనడం లేదు, ముందు అందిస్తున్నాను. ఆ నాటకం వేసినప్పుడు ఆడవాళ్లు స్టేజీ ఎక్కేది లేదు. ఊళ్లో చదువొచ్చిన కోడలినని నోట్‌బుక్ నా చేతిలో పెట్టి తెర వెనుక కూర్చోబెట్టారు. ఆయనకు నాటకమంతా నోటికి వచ్చన్నది ఇప్పటి మాట. అప్పుడు నేను మొదటి మాట అందిస్తే గానీ రెండో మాట వచ్చేది కాదు. ఆ సంగతి ఆయన మరిచేపోయాడు. నాకు మాత్రం టీవీలో ఆయన మొహం కనబడగానే, ఇక్కడ మరిచిపోతాడేమోనని పెదవులు వాటంతటవే కదులుతాయి. ఇరవై ఎనిమిదేళ్లయినా ఆ భయం పోలేదు. నువ్వు శబ్దాన్ని ఎక్కడికి జరిపినా నేను బొమ్మను చూసే అందిస్తాను. అందుకే ఆయన రెండు సెకన్లు రెండు సెకన్లుగానే ఉన్నాయి.

మొదటి రోజే పలక మీద రాసి చెప్పొచ్చు. బలపం చేతిలోకి తీసుకున్నాను కూడా. తలెత్తి చూస్తే ఆయన టీవీని చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. నాలుగేళ్లయింది తమ్మీ ఆయన నా మొహం చూసి. నాకేమో మాట పోయినట్టుండేది, ఎవరితో మాట్లాడను? బలపం కింద పెట్టేశాను. నీ ఫోన్ మోగినా, ఎత్తితే నిజం చెప్పాల్సొస్తుందని ఎత్తలేదు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం గంటసేపు నా మూతి మీదే ఆయన చూపు. చీర కొంగు సర్దుకున్నానని నీకు రాశాడు కదా, ఎందుకు సర్దుకున్నానో ఆయనకు తెలియదు.

పోయిన మంగళవారం నాటకం అయిపోయాక నేను గొంతు లేకుండా, ఊరికే పెదవులతో “చాయ్ తాగుతవా” అన్నాను. ఆయన గడియారం చూసుకుంటూ “చక్కెర తక్కువెయ్యి” అన్నాడు. నా పెదవులు చదివి జవాబు చెప్పాడని ఆయనకే తెలియదు. నేను పొయ్యి దగ్గర నిలబడి చాలాసేపు గిన్నె పెట్టడం మరిచిపోయాను. నిన్న “వాన వచ్చేటట్టున్నది” అన్నాను, పోయి బట్టలు తీసుకొచ్చాడు. నోటికొచ్చిన నాటకం కాబట్టి, దాని మీదనే నా పెదవులు చదవడం నేర్చుకున్నాడు. నువ్వు రాసిన ప, బ, మ ఆయనకు అక్షరాభ్యాసం అయింది.

అందుకని నువ్వు ఆదివారం వచ్చి అంతా సరిచేస్తే నాకు నష్టం. ఒక నెల ఆగు. ఆయన పెన్‌డ్రైవ్ పంపుతాడు, తీసుకో. రెండు రోజులుంచుకుని, ఏమీ చేయకుండా తిరిగి పంపు. ‘ఇంకా జర తేడా ఉన్నది, కొలుస్తూ ఉండండి’ అని ఉత్తరం రాయి. నీ పనికి పేరు చెడుతుందని తెలుసు. రజనికి చెప్పు, ఆమెకు అర్థమవుతుంది.

మీ ఇద్దరి మేలు మరవని,
రాజమణి

తా.క.: ఇది రాస్తుంటే చాయ్‌పత్తి తీసుకుని వచ్చేశాడు. పొద్దున వంట చేస్తూ, చూడటం లేదు కదా అని “ఆ రోజు పద్యం పాడు చేసినవ్, నువ్వు పాడుతుంటే కుక్కలు లేచినయ్” అని పెదవులతోనే అన్నాను. చూస్తూనే ఉన్నాడట. పొద్దుటి నుంచి నా మీద అలిగి, మాట్లాడటం లేదు.